పచ్చిక కూడా పంటే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నెల క్రితం ఫోన్ చేసి, "నువ్వు ఆరేళ్లు స్విట్జర్లాండ్‌లో ఉన్నావు కదా, ఆ కొండలూ మంచూ గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పు, అందరికీ చల్లగా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను. తీరా కార్యక్రమ పత్రం చూస్తే నా ప్రసంగం సరిగ్గా భోజనాలకు ముందు పెట్టారు. వంటశాల నుంచి వస్తున్న పులిహోర వాసనతో పోటీ పడటం నా వల్ల కాదు కాబట్టి తిన్నగా విషయంలోకి వస్తాను.

నేనున్న ఊరి పేరు గ్రిండెల్‌వాల్డ్. బెర్న్ రాష్ట్రంలో, ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉంటుంది. జనాభా నాలుగు వేలకు మించదు. సముద్ర మట్టానికి 1034 మీటర్ల ఎత్తు. అంటే మన అరకు కంటే కాస్త ఎత్తు, అంతే. మరి అరకులో కాఫీ పండితే అక్కడ నడుం లోతు మంచు ఎందుకు పడుతుంది? మన సోషల్ మాస్టారు ఇక్కడే ఉన్నారు, జవాబు చెప్పకపోతే ఇప్పుడైనా బెంచీ ఎక్కిస్తారు. అరకు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, గ్రిండెల్‌వాల్డ్ 46 దాటి ఉంది. సరిపోయిందా మాస్టారూ?

ఊరికి దక్షిణాన ఐగర్ శిఖరం నిలబడి ఉంటుంది. ఎత్తు 3967 మీటర్లు. దాని ఉత్తర ముఖం దాదాపు 1800 మీటర్ల నిట్టనిలువు రాతి గోడ. ఎన్నో ప్రాణాలు తీసుకున్న తర్వాత 1938 జులైలో ఇద్దరు జర్మన్లు, ఇద్దరు ఆస్ట్రియన్లు కలిసి మొదటిసారి ఆ గోడను ఎక్కారు. ఆ కొండను లోపలి నుంచి తొలిచి వేసిన రైలు మార్గం 1912లో పూర్తయింది. 3454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్ దాకా అది వెళుతుంది. మీలో టూరుకు వెళ్లొచ్చిన వాళ్లకు ఆ స్టేషన్ తెలిసే ఉంటుంది. అక్కడ మన భారతీయ భోజనం కూడా దొరుకుతుంది.

నేను ఎక్కింది కొండలు కాదు, మెట్లు. ఒక హోటల్లో లెక్కల విభాగంలో ఉద్యోగం. ఉండటానికి ఒక రైతు ఇంట్లో పై అంతస్తు అద్దెకు తీసుకున్నాను. కింద వాళ్లు, పక్కన కొట్టంలో పన్నెండు ఆవులు. పాత చెక్క ఇల్లు. చలికాలం రాత్రుళ్లు ఆవులు మెడలు కదిపితే గొలుసుల చప్పుడు నాకు వినిపించేది. నాకు తెలిసిన నాలుగు కాలాలూ ఆ కిటికీలోంచి, ఆ కొట్టం పక్క నుంచి చూసినవే.

ముందు చలికాలం గురించి చెబుతాను, ఎందుకంటే ఆ ఊళ్లో లెక్కలన్నీ చలికాలంతోనే మొదలవుతాయి.

డిసెంబరు వచ్చేసరికి ఊరంతా తెల్లబడుతుంది. లోయలో ఒక పక్కను ఎండవైపు అనీ, ఎదుటి పక్కను నీడవైపు అనీ అంటారు. నీడవైపు ఇళ్లకు నడి చలికాలంలో కొన్ని వారాల పాటు సూర్యుడు కనిపించడు. అయినా పిల్లలకు ఇదే పండగ కాలం. స్కీయింగ్ మీకు తెలిసిందే. ఆ ఊరి సొంత సరదా ఇంకొకటుంది. దాని పేరు వెలోగెమెల్. చక్రాలకు బదులు చెక్క పట్టాలు బిగించిన చెక్క సైకిలు. తొక్కడానికి పెడల్స్ ఉండవు, బ్రేకులు అసలే ఉండవు. కాళ్లే బ్రేకులు. 1911లో ఆ ఊరి రంపపు మిల్లు యజమాని దాన్ని తయారు చేశారు. పోస్ట్‌మన్‌లు ఉత్తరాలు పంచడానికి, పిల్లలు బడికి పోవడానికి వాడేవారు. ఇప్పుడు ఏటా పోటీలు పెడతారు. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు 2681 మీటర్ల ఫౌల్‌హార్న్ శిఖరం దాకా రెండున్నర గంటలు మంచులో నడిచి ఎక్కి, అక్కడి నుంచి స్లెడ్జి మీద 15 కిలోమీటర్లు జారుకుంటూ ఊళ్లోకి దిగుతారు.

అయితే ఆ ఆటలన్నిటికీ ముందు వాళ్లు చూసేది ఒక అంకె. దావోస్ పట్టణంలో మంచు పరిశోధన సంస్థ ఉంది. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎంత ఉందో 1 నుంచి 5 వరకు అంకెల్లో చలికాలమంతా రోజూ సాయంత్రం ఐదింటికి అది ప్రకటిస్తుంది. మా ఇంటాయన చదువు మానేసి యాభై ఏళ్లయినా ఈ పాఠం మాత్రం రోజూ చదివేవారు. 4, 5 అంకెలు ఉన్న రోజున ఎవరూ కొండెక్కరు. 3 ఉన్న రోజున మాత్రం బయటివాళ్లు "మధ్యరకమే కదా" అనుకుని వెళతారు. ప్రాణాలు ఎక్కువగా పోయేది 3 ఉన్న రోజుల్లోనే. మన ఊళ్లో వరద నీటి మీద నుంచి మోటారు సైకిల్ పోనిచ్చేవాళ్లు నాకు గుర్తొచ్చేవారు. మోకాలి లోతే కదా అంటారు.

ఇక ఆవుల సంగతి. ఒక పాడి ఆవు చలికాలంలో రోజుకు సుమారు 15 కిలోల ఎండు గడ్డి తింటుంది. అక్టోబరు నుంచి మే దాకా ఏడు నెలలు కొట్టంలోనే ఉంటుంది. అంటే ఒక్కో ఆవుకు మూడు టన్నుల పైమాటే. పన్నెండు ఆవులకు ఎంతో మీరే వేసుకోండి. ఆ గడ్డి అంతా కొట్టం పైనున్న అటక మీద ఉండాలి. ఫిబ్రవరి నెలలో మా ఇంటాయన నిచ్చెన ఎక్కి అటక మీద గడ్డి ఎంత మిగిలిందో చూసి, ఏమీ మాట్లాడకుండా దిగేవారు. ఆ ముఖం చూస్తే మన వైపు మే నెలలో బావిలోకి తొంగి చూసే రైతు ముఖమే.

ఏప్రిల్‌లో వసంతం వస్తుంది, కానీ పోస్టుకార్డు మీద ఉన్నట్టు రాదు. బురదతో వస్తుంది. తీగ మీద నడిచే కేబుల్ కార్లు మరమ్మతులకు ఆపేస్తారు. హోటళ్లు సగం మూసేస్తారు. ఊళ్లో వాళ్లకు ఊళ్లో వాళ్లు కనిపించే కాలం అది. అప్పుడే కొండల దక్షిణం నుంచి ఫోన్ అనే గాలి దిగుతుంది. వేడిగా, పొడిగా ఉంటుంది. ఒక్క రాత్రిలో అడుగు మంచును తినేస్తుంది. తలనొప్పి వస్తే కూడా దాని మీదే నెపం వేస్తారు. చెక్క ఇళ్ల ఊరికి ఆ గాలి అంటే భయం. 1892లో ఊరి మధ్య భాగం చాలా వరకు అగ్నికి ఆహుతైంది. మంచు కరిగిన చోటల్లా ఇంకా గడ్డి లేవకముందే క్రోకస్ పూలు తెల్లగా, ఊదాగా నేలంతా లేస్తాయి. మంచు అంచు ఒక్కో వారం కొంచెం పైకి జరుగుతుంటే, పూల అంచు దాని వెనకే పైకి జరుగుతుంది. మే నెలంతా అలా పూలు కొండెక్కుతూనే ఉంటాయి.

జూన్‌లో ఆవులు కొండెక్కుతాయి. ఇక్కడ ఒక పాత విషయం చెప్పాలి. ఆ లోయలో ఎత్తైన పచ్చిక బయళ్లు ఏ ఒక్కరివీ కావు. ఏడు సంఘాలున్నాయి. ఒక్కో సంఘానికి ఒక్కో కొండ బయలు. మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయని పండగ చేసుకుంటున్నాం, చేసుకోవాలి కూడా. వాళ్ల కట్టుబాట్ల పత్రం 1404 నాటిది. లోయలో భూమి ఉన్నవాళ్లకే, ఆ భూమిని బట్టే కొండ మీద హక్కు. ఇన్ని ఆవులు అని లెక్క. అదే ఆల్ప్స్‌లో దక్షిణాన టోర్బెల్ అనే మరో గ్రామం ఉంది. అక్కడ 1483లో ఊరంతా కలిసి కొండ వాడకానికి సంఘం పెట్టుకున్నారు. చలికాలంలో ఎన్ని ఆవులను మేపగలవో, వేసవిలో అన్నింటినే కొండ మీదికి తోలాలి అని 1517 నాటికే అక్కడ నియమం ఉంది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పండితురాలు ఉమ్మడి ఆస్తులను జనం ఎలా కాపాడుకుంటారో చెప్పడానికి ఈ టోర్బెల్‌నే ఉదాహరణగా తీసుకున్నారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమె.

ఆ నియమంలో తెలివి చూడండి. వేసవిలో కొండ మీద గడ్డి అందరికీ ఉచితం. ఆశకు అడ్డేది? నీ అటకే అడ్డు. నీ చేతుల్తో కోసి ఎండబెట్టి అటకెక్కించిన గడ్డే నీ హద్దు. మన పెద్దలకు ఇది కొత్త కాదు. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లో చూడటానికి మన ఊళ్లలో నీరుగంటి ఉండేవాడు. ఆయన లెక్క తప్పితే ఊరంతా అడిగేది.

వేసవిలో లోయలో మిగిలిన వాళ్లకు ఒకటే పని, గడ్డి కోత. మనం ఫోటోల్లో చూసే ఆ పచ్చని వాలు ఉంది చూశారూ, దాని మీద నిలబడటమే కష్టం. ముళ్ల చక్రాల కోత యంత్రం పోయినంత మేర యంత్రంతో, పోలేని చోట పొడుగు పిడి కొడవలితో కోస్తారు. కోసింది రెండు మూడు రోజులు ఎండాలి. తిరగెయ్యాలి, చెక్కపళ్ల దంతెతో కిందికి లాగాలి. ఐగర్ మీద మబ్బు కనిపించిందంటే ఇంటిల్లిపాదీ పరుగు. హోటల్లో సెలవు రోజున నేనూ దంతె పట్టేవాణ్ణి. మొదటి రోజు సాయంత్రం చేతులు బొబ్బలెక్కితే ఇంటావిడ చూసి నవ్వి, ఓ గిన్నెలో మజ్జిగ లాంటిది పోసి ఇచ్చారు. బెర్న్ వైపు భాషలో పెద్దవాళ్లను, కొత్తవాళ్లను మనలాగే బహువచనంతో పిలుస్తారు, మనం "మీరు" అన్నట్టే. ఆ రోజు నుంచి వాళ్లు నన్ను "నువ్వు" అనడం మొదలుపెట్టారు. ఆరేళ్లలో నాకు వచ్చిన ప్రమోషన్లలో అదే పెద్దది.

ఆ పని ఒక వేసవి ఆపేస్తే ఏమవుతుంది అని ఆయన్ని అడిగాను. కొన్నేళ్లలో పొదలు వస్తాయి, తర్వాత చెట్లు వస్తాయి అన్నారు. అంతకంటే ముందు ఇంకొకటి జరుగుతుందట. కోయని పొడుగు గడ్డి వాలుకు పడిపోయి చాపలా పరుచుకుంటుంది. దాని మీద పడ్డ మంచుకు పట్టు ఉండదు. నున్నగా జారుతుంది. అంటే కోయని గడ్డి కింద ఊరి మీదికే వస్తుందన్నమాట. ఆ వాలు దేవుడిచ్చిన దృశ్యం అని మనం అనుకుంటాం. కొండ దేవుడిదే. ఆ వాలు మాత్రం వందల ఏళ్లుగా ఏటా మనుషులు చేస్తున్నది.

నడిచే వాళ్లకు వేసవి స్వర్గమే. దారులన్నిటికీ పసుపు పచ్చ బోర్డులుంటాయి. వాటి మీద ఎన్ని కిలోమీటర్లో రాయరు, ఎంత సేపో రాస్తారు. ఫస్ట్ అనే చోటికి కేబుల్ కారులో వెళ్లి, అక్కడి నుంచి గంట నడిస్తే 2265 మీటర్ల ఎత్తున బాఖాల్ప్ సరస్సు వస్తుంది. గాలి లేని పొద్దున ఎదుటి మంచు శిఖరాలు దానిలో తలకిందులుగా నిలబడతాయి. దారి పక్కనే ఆవుల గంటలు. గుడిసెలో రాగి గంగాళం కింద కట్టెల మంట. పది లీటర్ల పాలకు ఒక కిలో చీజ్.

సెప్టెంబరులో ఆవులు దిగుతాయి. కొమ్ముల మధ్య పూలు, మెడలో బుట్టంత గంటలు. మన సంక్రాంతి గంగిరెద్దులు చూసినంత సంబరం. తర్వాత చీజ్ పంపకం జరుగుతుంది. ఎవరి ఆవు వేసవిలో ఎన్ని పాలిచ్చిందో పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్ని బట్టి వాటా. అక్టోబరులో కొండ మేపుల్ చెట్లు పసుపు పచ్చగా మారతాయి. కింద లోయల్లో పొగమంచు సముద్రంలా నిండితే, పైన ఎండ కాస్తుంది. ఇళ్ల గోడల పక్కన కట్టెలు ఒద్దికగా పేర్చి ఉంటాయి. నవంబరులో ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. మళ్లీ మొదటి మంచు.

ఇదంతా చెప్పి ఆపేస్తే కార్యదర్శి గారు అడిగినట్టే ఉంటుంది. కానీ గురువుల ముందు సగం పాఠం అప్పజెప్పకూడదు.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అక్కడి దిగువ హిమానీనదం దాదాపు లోయ అడుగు దాకా దిగి ఉండేది. దాని మంచును దిమ్మలుగా కోసి పారిస్ హోటళ్ల దాకా అమ్మేవారు. ఇప్పుడు ఊళ్లో నిలబడితే ఆ నాలుక కనపడదు. వెనక్కి వెనక్కి పోయింది. మంచు ఆసరా పోయాక పక్క ఒడ్లు జారడం మొదలైంది. 2005లో అలాంటి ఒడ్డు మీద ఉన్న కొండ విడిదిని వదిలేసి, వేరే చోట కొత్తది కట్టాల్సి వచ్చింది. 2006 జులైలో ఐగర్ తూర్పు వైపు నుంచి లక్షల ఘనపు మీటర్ల రాయి విరిగి పడింది. కరిగిన నీరు పైన చెరువులా నిలిచి 2008లో ఒక్కసారిగా కిందికి తెగింది. తర్వాత ఆ నీటిని తీసేయడానికి సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం తవ్వారు. పచ్చికకు నియమం రాసుకోవడం ఆ ఊరి చేతిలో ఉంది, రాసుకున్నారు. మంచుకు నియమం ఆ ఊరు ఒక్కటే రాసుకుంటే చాలదు. మనమూ సంతకం పెట్టాలి.

రెండో కష్టం ఇంట్లోదే. ఊళ్లో ఇళ్లు ఏడాదికి రెండు వారాలు వచ్చి పోయే వాళ్లు కొంటుంటే, అక్కడే పుట్టిన పిల్లలకు ఇల్లు అందని ధర అవుతోంది. 2012లో స్విస్ ప్రజలు ఓటు వేసి, ఏ ఊళ్లోనూ సెలవుల ఇళ్లు నూటికి ఇరవై దాటకూడదని నిర్ణయించారు. మా ఇంటాయన కొడుకు చలికాలంలో కేబుల్ కారు దగ్గర పని చేసి, వేసవిలో గడ్డి కోసేవాడు. తండ్రికి వయసు మీద పడి ఇంటి బాధ్యత అప్పగించే ముందు, అతను ఓ రాత్రి పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నువ్వు లెక్కల వాడివి కదా, చూసి చెప్పు" అన్నాడు.

చూశాను. వాలు నేల కోసినందుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు కలుపుకున్నా ఆవుల వల్ల మిగిలేది అంతంత మాత్రం. ఆవులను అమ్మేసి ఇల్లు మొత్తం సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తే వచ్చేది దాని కంటే చాలా ఎక్కువ. రెండు వరుసలుగా రాసి ముందు పెట్టాను. అతను చాలాసేపు చూశాడు. తల్లి కూడా వచ్చి కళ్లజోడు పెట్టుకుని చూసింది. "అంకెలు బాగానే ఉన్నాయి. మరి ఆ వాలు ఎవరు కోస్తారు?" అంది. నా రెండు వరుసల్లో దానికి గడి లేదు.

నేను వచ్చేసేనాటికి వాళ్లు తొమ్మిది ఆవులను ఉంచుకున్నారు. నేను ఖాళీ చేసిన పై అంతస్తును సెలవుల అద్దెకిచ్చారు. అది పరిష్కారమో, వాయిదానో నేను చెప్పలేను. కొట్టంలో గొలుసుల చప్పుడు మాత్రం ఇంకా ఉంది.

చివరగా ఒక్క విన్నపం. మన సినిమాల పాటల్లో హీరో హీరోయిన్లు ఆ పచ్చికలో పరుగులు తీయడం చూసి మనకు చేతులు చాపి పరుగెత్తాలని ఉంటుంది. మీలో చాలామంది పిల్లల దగ్గరికి యూరప్ వెళ్లొస్తుంటారు. మే, జూన్ నెలల్లో మోకాలెత్తు గడ్డి, నిండా పూలు కనిపిస్తే దానిలోకి దిగి ఫోటో తీసుకోకండి. తొక్కిన గడ్డి కొడవలికి లేవదు. అది పార్కు కాదు, కోతకు వచ్చిన పంట. ఎవరో ఫిబ్రవరిలో నిచ్చెనెక్కి చూసుకునే గడ్డి. ఈనిన వరిమడిలో దిగి ఎవరైనా ఫోటో తీసుకుంటే మన నాన్నలు ఊరుకునేవారా? గట్టు మీదే నడుద్దాం. పసుపు పచ్చ బోర్డు చూపిన దారిన వెళదాం. ఎదురైన రైతుకు ఓ నమస్కారం పెడదాం.

పులిహోర చల్లారకముందే ముగిస్తున్నాను.